దీపం మీట

అన్నయ్య వేళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి. మంచం కమ్మీ మీద టకటకమని రెండు దెబ్బలు, ఆ తర్వాత ఒక వేలు గట్టిగా నొక్కిపట్టి ఉంచడం, వదలడం. మళ్ళీ రెండు దెబ్బలు. పక్షవాతం వచ్చి అతనికి మాట పోయింది, కుడి పక్క చచ్చుబడింది. పిలిస్తే పలకడు. కళ్ళు తెరిచే ఉంటాయి గాని చూపు ఎదుటి గోడకు అతుక్కుని ఉంటుంది. లోపల మనిషి ఇంకా ఉన్నాడని చెప్పడానికి ఆ ఎడమచేతి వేళ్ళు తప్ప వేరే ఆధారం లేదు.

ఆ వేళ్ళ కదలికకు అర్థమేమీ లేదని, అతనికి తెలియకుండా జరిగిపోతోందని డాక్టర్లు తేల్చేశారు. చెల్లెలు ఒప్పుకోలేదు. డాక్టర్లు చెప్పగానే తలూపే రకమైతే ఇంత కథే ఉండేది కాదు.

స్పీచ్ థెరపిస్టు ఆమెను వరండాలోకి పిలిచింది. మనిషి చెడ్డది కాదు, మాటలు మాత్రం కొలిచి పోస్తుంది.

"చూడండమ్మా, ఇది కోలుకునేవాళ్ళ వార్డు. మేం ఎంత చేసినా, పేషెంటు కూడా ఓ చెయ్యి వెయ్యాలి. మీ అన్నయ్యగారు చెంచా ఇస్తే పట్టుకోరు, బొమ్మ చూపిస్తే చూడరు. శుక్రవారం పొద్దున పెద్ద డాక్టరుగారు వస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే పక్క భవనానికి మార్చేస్తారు."

"మారిస్తే?"

"అక్కడ బాగానే చూసుకుంటారు," అని థెరపిస్టు నీళ్ళు నమిలింది. "వ్యాయామం, మాటల సాధన మాత్రం ఉండవు."

పక్క భవనం కిటికీలు ఈ వార్డులోంచి కనిపిస్తాయి. వేళకు తిండి పెడతారు, వేళకు పక్కకు తిప్పి పడుకోబెడతారు. అక్కడికి మంచాలు వెళ్ళడమే గాని తిరిగి రావడం చెల్లెలు చూడలేదు.

"ఏం చేస్తే ఉండనిస్తారు?"

"ఒక్క పని. తనంతట తాను, తెలిసి చెయ్యాలి. అలవాటు కొద్దీ కాదు. అది నా కళ్ళతో నేను చూడాలి."

చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. వచ్చినవాళ్ళ ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడగడంలోనే ఆమె జుట్టు నెరిసింది. ఆ రోజు దుకాణంలో ఎవరి కళ్ళజోడుకో మరమేకు బిగిస్తూ కూర్చుంది. మనసు ఆసుపత్రిలో ఉంది. ఎడమచేత్తో బల్ల మీద అన్నయ్య వాయింపునే తనూ వాయిస్తోంది. రెండు దెబ్బలు, నొక్కిపట్టడం. ఉన్నట్టుండి ఆమె కుడిచేతి చూపుడువేలు తనంతట తాను బల్ల మూలకు వెళ్ళి అదిమి కూర్చుంది.

మరమేకు కింద పడి ఎటో దొర్లిపోయింది. ఆమె వెతకలేదు.

ఆట! అన్నయ్య ఆడుతున్నాడు!

వాళ్ళ చిన్నప్పుడు నాన్న ఎక్కడినుంచో ఓ కంప్యూటరు తెచ్చాడు. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఉత్త మీటల పలక, దాన్ని టీవీకి తగిలించాలి. ఆటలు కూడా పాటల క్యాసెట్లలాంటి వాటిలోనే ఉండేవి. టేప్ రికార్డరులో పెట్టి నొక్కితే కాసేపు చెవులు చిల్లులు పడేలా కీచుమని అరిచి, అప్పుడు ఆట వచ్చేది. మిషన్ వెనక ఓ చిన్న పెట్టె తగిలించి ఉండేది. అది కాస్త కదిలిందంటే తెర తెల్లబోయి, ఆట మొత్తం మొదటికి వచ్చేది. అందుకని అన్నయ్య కుడిచేత్తో ఆ పెట్టెను పట్టుకుని, ఎడమచేత్తో మాత్రమే ఆడేవాడు.

ఆట సంగతి ఆమెకు సగమే గుర్తుంది. ఓ లోతైన బావి. తల మీద దీపం పెట్టుకున్న మనిషి ఒకడు తాడు పట్టుకుని దిగుతుంటాడు. గోడల్లో రాక్షసులు నిద్రపోతుంటారు. వాళ్ళ కన్ను మూసుకున్నప్పుడు దాటిపోవాలి, తెరుచుకున్నప్పుడు ఆగిపోవాలి. దాటడం, ఆగడం అన్నయ్య పని. దీపం చెల్లెలి పని.

"పిచ్చుకా, ఈ మూల మీట నీది. దీన్ని నొక్కే ఉంచాలి. వదిలావో, దీపం ఆరిపోద్ది, ఇద్దరం చస్తాం," అనేవాడు.

ఆమె ఊపిరి బిగబట్టి నొక్కేది. ఎప్పుడైనా తుమ్మొచ్చి వేలు జారితే, ఆ మనిషి పోయి రాక్షసుడి కంట్లో పడేవాడు. అన్నయ్య తిట్టేవాడు కాదు. తల తిప్పి ఓ చూపు చూసేవాడు, అంతే.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఈ మాట చెబితే వదిన మడతపెడుతున్న దుప్పటిని ఒళ్ళో పడేసుకుంది.

"ఆయన ప్రాణం మీదికొస్తే నీకు ఆటలు గుర్తొచ్చాయా?"

"ఆ వేళ్ళు చూడు వదినా. ఊరికే కొట్టుకోవడం కాదది."

వదిన చాలాసేపు చూసింది. "పెళ్ళైన కొత్తలో కూడా పరధ్యానంగా ఉంటే బల్ల మీద ఇలాగే కొట్టేవారు," అంది చివరికి. "సరే, వెతుకు. ఊరికే కూర్చుని చేసేది మాత్రం ఏముంది?"

వెతకడానికి పేరన్నా గుర్తుండాలి కదా. అదీ లేదు. దుకాణానికి వచ్చేవాళ్ళలో పాత కంప్యూటర్లు పోగుచేసే ముసలాయన ఒకడున్నాడు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, అందరూ క్యాసెట్ల తాతగారంటారు. చెల్లెలు గురువారం దుకాణానికి సెలవు చెప్పి ఆయన ఇంటి తలుపు తట్టింది.

మేడ మీద గది నిండా మిషన్లే. ఒక్కోదాని మీదా ఉతికిన గుడ్డ కప్పి ఉంది. కుర్చీ మీది డబ్బాలు దింపి, ఆమెను కూర్చోబెట్టి, తాతగారు కథంతా విన్నాడు.

"మిషన్ ఏదో తెలిసిపోయింది. అట్లా వెనకపెట్టె కదిలే మిషన్ అదొక్కటే. ఇక రంగులు చెప్పమ్మా. రంగు చెబితే సగం దొరికినట్టే."

"బూడిద రంగండి. అంతా బూడిద, నలుపు."

"బూడిదా? ఆ మిషన్‌కి బూడిద రంగే రాదు!"

అయినా పాపం ఒక్కటొక్కటే పెట్టి చూపించాడు. బావులు, గుహలు, దీపాలు, రాక్షసులు. క్యాసెట్లు కీచుకీచుమంటూనే ఉన్నాయి. ఏదీ కాదు. మధ్యాహ్నం దాటింది. చెల్లెలికి తల ప్రాణం తోకకొచ్చింది. రేపే శుక్రవారం.

విసుగొచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే అప్పుడు తట్టింది. నెత్తి కొట్టుకుంది.

"తాతగారూ, మాది నలుపు తెలుపు టీవీ అండి."

పొద్దస్తమానం జనం కళ్ళు పరీక్షించే మనిషి, తను చూసింది ఎందులోనో మర్చిపోయింది. తాతగారు కోప్పడలేదు. నవ్వాడు. ఆ వెంటనే ఏదో అనుమానం వచ్చినట్టు ఆగాడు.

"క్యాసెట్‌తో పాటు కాగితం వచ్చిందా? ఎలా ఆడాలో రాసి ఉండే కాగితం?"

"లేదండి. నాన్న ఎవరి దగ్గరో తెచ్చారు. పైన పేరు కూడా లేదు."

"మరి బావి, దీపం, రాక్షసుడు, ఇదంతా ఎవరు చెప్పారు?"

"అన్నయ్య."

"అన్నయ్యకెవరు చెప్పారు?"

చెల్లెలు తుడుస్తున్న కళ్ళజోడును ఒళ్ళో పెట్టేసుకుంది.

"అయితే పొద్దున్నించీ మనం మీ అన్నయ్య కథను వెతుకుతున్నామమ్మా," అన్నాడు తాతగారు. "అది వదిలేయ్. తెర మీద కంటికి ఏం కనబడింది, అది చెప్పు."

ఆమె కళ్ళు మూసుకుంది. కథంతా ఒలిచేస్తే మిగిలింది కొంచెమే. కిందికి దిగే చిన్న బొమ్మ. దాని నెత్తి మీద తెల్లటి చుక్క. తెరుచుకుని మూసుకునే గుండ్రటివి. వాటిని దాటే వరస చెప్పడం చేతకాక బల్ల మీద వాయించి చూపించింది.

తాతగారు సగం వాయింపులోనే లేచి, వెనక అరలోంచి ఓ క్యాసెట్ తీశాడు.

తెర మీద సముద్రం వచ్చింది. కళ్ళు జిగేల్మనే నీలం. ముత్యాల కోసం ఒకడు నీళ్ళలోకి దిగుతున్నాడు. నెత్తి మీద తెల్లటి గాలిబుడగ. పక్కన రాళ్ళల్లో ముత్యపు చిప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. రంగులన్నీ కొత్త. కదలిక మాత్రం అదే. చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. చిన్నపిల్లలా ముందుకు వంగి మూల మీట అదిమింది.

"అదెందుకు నొక్కుతున్నావు?" అన్నాడు తాతగారు.

"దీపానికి. అదే, ఆ బుడగకి."

"ఈ ఆటలో ఆ మీటకి పనే లేదు. అది ఉత్తది."

ఆమె వేలు తీసింది. బుడగ వెలుగుతూనే ఉంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ తీసింది. ఏ మార్పూ లేదు.

ఒళ్ళు మండిపోయింది. మంచాన పడ్డ అన్నయ్య మీద, ఇంత వయసొచ్చాక, కోపం. తనూ ఆడతానని చెవినిల్లు కట్టుకుని పోరుతుందని, పీడ వదిలించుకోవడానికి పనికిరాని మీట ఒకటి అంటగట్టాడన్నమాట. అంత దీక్షగా కూర్చున్నదంతా దేనికీ కాదు. ఒక్కటే అర్థం కాలేదు. మీట ఉత్తదే అయితే, తను వదిలినప్పుడల్లా ఆ మనిషి ఎందుకు చచ్చేవాడు?

తాతగారు మిషన్‌ను గుడ్డలో చుడుతూ, "రేపు నేనే తెస్తాను. దీన్ని ఇంకొకరికి అప్పగించి నేను ఇంట్లో కూర్చోలేను," అన్నాడు.

శుక్రవారం పొద్దున మంచం పక్క బల్ల మీద మిషన్, టీవీ, టేప్ రికార్డరు వరసగా చేరాయి. పెద్ద డాక్టరు కాగితాలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. థెరపిస్టు అన్నయ్య కళ్ళు కనబడేలా ఓ వారగా నుంచుంది.

క్యాసెట్ అరుపు మొదలైంది. పక్క మంచాలవాళ్ళు తలలెత్తారు. వదిన బిత్తరపోయి చెవులు మూసుకుంది. అన్నయ్య చూపు గోడ మీంచి కదిలింది. నెమ్మదిగా, ఎక్కడో తడబడి, టీవీ మీదికి వచ్చి ఆగింది.

సరిగ్గా అప్పుడే డాక్టరు మోకాలు బల్లకు తగిలింది. తెర తెల్లబోయింది.

"అయిపోయిందా?" అన్నాడు డాక్టరు.

"మళ్ళీ పెట్టాలండి, వెనకపెట్టె కదిలింది," అన్నాడు తాతగారు, చెమటలు తుడుచుకుంటూ.

డాక్టరు కాగితాలు మడిచాడు. థెరపిస్టు ఆయన వైపు తిరిగింది. "చప్పుడుకి చూపు తిప్పారు సార్. నేను చూశాను. ఇంకొక్కసారి."

ఈసారి వదిన చెప్పకుండానే ముందుకొచ్చి ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని ఊపిరి కూడా తీయలేదు. అరుపు సాగింది, ఆగింది. నీలం సముద్రం వచ్చింది.

చెల్లెలు మీటల పలకను అన్నయ్య ఎడమచేతి కిందికి జరిపింది. అంతవరకూ కమ్మీ మీద ఆడుతూనే ఉన్న వేళ్ళు ఆగిపోయాయి.

"ఆడు అన్నయ్యా."

కదల్లేదు. తెర మీద మనిషి నీళ్ళ అంచున వేలాడుతున్నాడు. చిప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఉన్న కదలిక కూడా పోగొట్టానా అనుకుంది చెల్లెలు. డాక్టరు థెరపిస్టు వైపు చూశాడు, థెరపిస్టు నేల వైపు చూసింది.

అన్నయ్య చెయ్యి లేచింది. మీటల మీదికి రాలేదు. వణుకుతూ గాల్లో పక్కకు వెళ్ళి, చెల్లెలి ఒళ్ళో ఉన్న చేతిని తడిమి, చూపుడువేలు పట్టుకుంది. దాన్ని లాక్కొచ్చి మూల మీట మీద పెట్టి, అదిమింది. ఆ తర్వాతే తన మీటల దగ్గరికి వెళ్ళింది.

రెండు దెబ్బలు, నొక్కిపట్టడం. మనిషి దిగాడు. మొదటి చిప్ప దాటాడు. రెండోది దాటాడు. వదిన పెట్టె వదలకుండానే ఏడుస్తోంది.

"వేళ్ళకి పాత అలవాటు అయ్యుండొచ్చుగా," అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి.

థెరపిస్టు చెల్లెలి చెవి దగ్గర వంగింది. "మీరా మీట వదలండి."

"వదిలినా ఏం కాదండి. అది ఉత్త మీట."

"అందుకే వదలమంటున్నాను."

చెల్లెలు వేలు తీసింది.

బుడగ వెలుగుతూనే ఉంది. మనిషి క్షేమంగా ఆగి ఉన్నాడు. ఎదురుగా చిప్ప నోరు తెరుచుకుని ఉంది, అది మూసుకునేదాకా ఊరుకుంటే చాలు. అన్నయ్య కళ్ళు ఆమె వేలు మీదికి వచ్చాయి. ఖాళీగా ఉన్న మీట మీదికి వెళ్ళాయి. అతను చిప్ప మూసుకునేదాకా ఆగలేదు. వేలెత్తి, తెలిసి తెలిసి, దిగే మీట నొక్కాడు. మనిషి తిన్నగా పోయి చిప్ప నోట్లో పడ్డాడు.

అప్పుడు తల తిప్పి చెల్లెల్ని చూశాడు. తిట్టని ఆ పాత చూపే.

చెల్లెలికి అప్పుడు అర్థమైంది. దీపం ఏనాడూ ఆరలేదు. ఆమె వేలు జారిన ప్రతిసారీ అన్నయ్యే కావాలని చచ్చేవాడు. అంత దూరం ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన ఆటను చేజేతులా పోగొట్టుకునేవాడు, పిచ్చుక మీటకు పని ఉందని పిచ్చుక నమ్మాలని. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"ఇది అలవాటు కాదు సార్," అంది థెరపిస్టు, రాసుకుంటూ. "ఈ మంచం ఇంకెవరికీ ఇవ్వకండి."

డాక్టరు తలూపి, మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంతకీ ఆ మీట దేనికమ్మా?"

తాతగారు చెప్పబోయాడు. చెల్లెలు చెయ్యెత్తి ఆపింది.

"దీపానికండి," అంది. వేలును మూల మీట మీద పెట్టి, గోరు తెల్లబడేలా అదిమింది. "పెట్టాను అన్నయ్యా. ఇంక వదలను. ఆడు."