గుండీలున్న డేగ

హలో, అందరూ బాగున్నారా? నా మాట వినబడుతోందా? టీ చేతిలో ఉంటే పక్కన పెట్టకండి, అది చల్లారేలోపే ఈ కథ అయిపోతుంది. ఒక టైలరు, ఆయన బావమరిది, ఒక చెరువు. అంతే.

ఆ ఊళ్లో ఆదివారం పొద్దున్నే పదిమంది చెరువుగట్టు మీద చేరి పిట్టల్ని లెక్కపెడతారు. అందరికీ కలిపి ఉన్నది ఒకటే బైనాక్యులర్. అది ఎవరి మెడలో ఉంటే లెక్క చెప్పేది వాళ్లే. పద్దెనిమిదేళ్లుగా అది టైలరు మెడలోనే ఉంది. వారమంతా టేపు, ఆదివారం బైనాక్యులర్. మెడ ఖాళీగా ఉంటే ఆయన్ని కట్టుకున్న భార్య కూడా గుర్తుపట్టదని గట్టు మీద ఎగతాళి.

పిట్టల్ని పోల్చడంలో ఆయన పద్ధతి వేరు. "రంగు చూడకండి, రంగుదేముంది, వెలిసిపోతుంది. కత్తిరింపు చూడండి. నీటికాకికి మెడ పొడుగు, భుజం జారుడు. డేగకి భుజం ఎత్తు, ఛాతీ వెడల్పు" అనేవాడు.

అయితే ఏడాదిగా ఆయన సూదిలో దారం భార్యే ఎక్కిస్తోంది. పక్క షాపే బావమరిదిది, కళ్లద్దాల షాపు.

"బావా, ఒక్కసారొచ్చి నా కుర్చీలో కూర్చో. రెండు నిమిషాల్లో చూసేస్తాను."

"నా కళ్లకేంరా? గుండ్రాళ్లలా ఉన్నాయి."

"రాళ్లకి కనబడదు కదా బావా!"

టైలరు వినిపించుకోలేదు. ఆయన భయం ఆయనది. కళ్లద్దాలు పెట్టుకున్నవాడి మెడలో ఇంకా బైనాక్యులర్ ఎవరు ఉంచుతారు?

ఒక ఆదివారం నలభై బాతులు, పదకొండు కొంగలు లెక్కయ్యాక ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"డేగ! చేపల్ని పట్టే డేగ! ఆ నీళ్లలో మోడు మీద కూర్చుంది. మన చెరువుకి ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. ఆహా, ఏం భుజాలండీ! ఎడమది కాస్త పైకెత్తి, ఎంత దర్జాగా కూర్చుందో!"

పుస్తకం రాసేది రిటైరైన పంతులమ్మ. ఆవిడకి పిట్టలకన్నా అక్షరాలు బాగా తెలుసు. "డేగ పక్కన బాతులు అంత నిమ్మళంగా ఈదుతున్నాయేమండీ?" అంది.

"దాని కడుపు నిండి ఉంటుంది."

"సరే. ఇద్దరు చూస్తేగానీ నేను రాయను. రెండోవాళ్లెవరు?"

బావమరిది బైనాక్యులర్ అందుకుని చూశాడు. నీటికాకులు చేపలు తినెయ్యకుండా వలలవాడు మోడుకి కట్టిన దిష్టిబొమ్మ అది. దాని ఒంటి మీద ఉన్నది నల్లకోటు. అతను షాపు తెరిచిన రోజున బావ మూడు వారాలు కూర్చుని కుట్టి, తొడిగిన కోటు. చంకల్లో బిగుతు. వలలవాడికి ఇచ్చేసి, బావ అడిగినప్పుడల్లా "బీరువాలో భద్రంగా ఉంది" అంటూ వచ్చాడు.

బొమ్మ అంటే పడవేసుకుని వెళ్లి చూస్తారు. చూస్తే కోటు బయటపడుతుంది.

"డేగే" అన్నాడు.

పంతులమ్మ గుండ్రటి అక్షరాలతో, సిరాతో, 'డేగ - ఒకటి' అని రాసింది. ఆవిడ పుస్తకంలో కొట్టివేతలు ఉండవు. అది ఆవిడ వ్రతం.

సిరా ఆరకముందే వలలవాడి పడవ మోడు దగ్గరికి వెళ్లింది. అతను లేచి నిలబడి, డేగ కాలరు సర్ది, దుమ్ము దులిపి, వెళ్లిపోయాడు.

పంతులమ్మ బైనాక్యులర్ లాక్కుని చూసింది.

"టైలరు గారూ, మీ డేగకి గుండీలున్నాయి."

"ఎన్ని?" వృత్తి కదా, నోరు ఆగలేదు.

"మూడుండాలి. మధ్యది ఊడిపోయింది."

"ఎడమ భుజంలో దూది ఎక్కువుందా?"

"ఉన్నట్టే ఉంది."

టైలరు మెల్లిగా బావమరిది వైపు తిరిగాడు. ఆ ఊళ్లో ఎడమ భుజం జారిన మనిషి ఒక్కడే. దాన్ని కప్పిపెట్టడానికి దూది కుక్కిన దర్జీ ఒక్కడే.

"బీరువాలో భద్రంగా ఉందన్నావు కదరా!"

"నీ కళ్లు గుండ్రాళ్లలా ఉన్నాయన్నావు కదా బావా!"

బైనాక్యులర్ పంతులమ్మ మెడలోనే ఉండిపోయింది. సోమవారం పొద్దున్నే టైలరు మారుమాట లేకుండా వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. బావమరిది కోటు వెనక్కి తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. వారమంతా ఊరు ఊరంతా టైలర్ని "డేగ మావయ్యా, గుండీలు కుట్టావా?" అని ఒక్కటే పిలుపు.

మళ్లీ ఆదివారం వచ్చింది. కోటు పోయిన దిష్టిబొమ్మ ఉత్త కర్రగా మిగిలింది. ఆ కర్ర మీద ఏదో వాలి ఉంది. బాతులన్నీ అవతలి ఒడ్డుకి చేరిపోయాయి.

"టైలరు గారూ, మీ కొత్త కళ్లతో చూసి చెప్పండి. అదేమిటి?" అంది పంతులమ్మ. వెనకాల అందరూ నవ్వు బిగబట్టుకున్నారు.

టైలరు ఆవిడ దగ్గర బైనాక్యులర్ తీసుకుని చూశాడు. తెల్లటి ఛాతీ. కంటి మీదుగా గీసినట్టు నల్లపట్టీ. వంకర ముక్కు. పచ్చటి కన్ను నేరుగా తననే కొలతలు తీసుకుంటున్నట్టుంది. పద్దెనిమిదేళ్లలో ఏ పిట్టనీ అంత స్పష్టంగా చూడలేదాయన.

గొంతు దాకా వచ్చిన మాటని మింగేశాడు.

"నీటికాకమ్మా."

"రెండోవాళ్లు?"

"నీటికాకే" అన్నాడు బావమరిది, బావ మొహం చూసి.

పంతులమ్మ మురిసిపోయింది. "ఇదీ మాటంటే! కనబడింది కనబడినట్టు చెప్పారు" అంటూ ఆ బైనాక్యులర్‌ని ఆయన మెడలోనే వేసి, తలొంచుకుని రాసుకుంది. నవ్వుదామనుకున్నవాళ్లు ఆయన వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే అది లేచి, కాళ్లు చాపి నీళ్లమీద పడి, జానెడు చేపతో పైకి లేచిపోయింది. చూసింది బావా బావమరిదే.

"బావా, అది డేగే కదా?"

"నోర్ముయ్యరా. మెడలోది జారుతుంది."

ఇప్పటికీ ఆ పుస్తకంలో ఒక వారం కోటు డేగగా, మరో వారం డేగ నీటికాకిగా ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు.

అదీ సంగతి. ఈ కథ మీ ఇంట్లో ఒక బావకీ, ఒక బావమరిదికీ పంపించండి. ఇద్దర్నీ కళ్లద్దాలు తుడుచుకుని వినమనండి.