అన్నీ పచ్చగా ఉండాలి

షిన్‌చూలోని ఒక చిప్‌ల కంపెనీలో కొత్త చిప్‌కు ప్రోగ్రామ్ బిల్డ్ చేసే పని పెంగ్ యూచెన్‌ది. బిల్డ్‌కు ముందు, కావలసిన ఫంక్షన్లు ఉన్నాయో లేదో ఒక స్క్రిప్టు పరీక్షిస్తుంది. ఒక్కోదానికి చిన్న ప్రోగ్రామ్ రాసి, లైబ్రరీతో లింక్ చేసి చూస్తుంది. ఆ ఫంక్షన్లుండే లైబ్రరీని ఇవ్వాల్సింది తాయ్‌నాన్‌లోని కస్టమర్లు, వాళ్ళింకా ఇవ్వలేదు. దాంతో ఏది అడిగినా లేదనే జవాబు. తెరంతా ఎరుపు.

యూచెన్ ఆ పరీక్షలను మార్చింది. లింక్ దాకా పోకుండా, ఆ చిన్న ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా కంపైల్ అయితే చాలు, పచ్చరంగు చూపిస్తుంది. మెమరీకి తాళం వేసే ఫంక్షన్‌కు మాత్రం పాత పరీక్షనే ఉంచింది.

"ఈ ఒక్క ఎరుపేంటమ్మా?" టీమ్ పెద్ద ఫాన్ అందరూ వినేలా అడిగాడు. "కస్టమర్లకు చూపించాలి. అన్నీ పచ్చగా ఉండాలి."

"ఫాన్ అన్నా, హెడర్‌లో, అంటే ఫంక్షన్ల జాబితాలో, పేరుంటే చాలు, కంపైల్ అయిపోతుంది. అసలు సరుకుందో లేదో లింక్ చేస్తేనే తెలుస్తుంది. దీని మీద నాకు అనుమానంగా ఉంది."

"పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళనూ ఇలాగే అనుమానించి ఉంటావు. అందుకే ఒక్కడూ నిలవలేదు."

అందరూ నవ్వారు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న జుంగ్ మరీ గట్టిగా నవ్వాడు. ఫాన్ చెప్పగానే ఆ పరీక్షను మార్చేసిందీ అతనే.

తాయ్‌నాన్‌లో, కస్టమర్ల ముందే, వాళ్ళ లైబ్రరీతో లింక్ చేయబోతే బిల్డ్ ఆగిపోయింది. ఆ ఫంక్షన్ అందులో లేదు.

"ఈ కంపైల్ పరీక్షలు తెచ్చిందెవరు?" అన్నాడు ఫాన్.

"యూచెన్ అక్క," అన్నాడు జుంగ్, తలెత్తకుండా.

"ఆ ఒక్కటి మార్చమన్నది మీరు..." అనబోయింది యూచెన్.

"ముందు లేచి క్షమాపణ చెప్పు."

యూచెన్ లేచి, నడుము వంచి క్షమాపణ చెప్పింది.

"కస్టమర్ల పెద్దాయన ఫోన్లో ఉన్నారు, చూళ్ళేదు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ వంగింది. పెద్దాయన ఫోన్ దించనేలేదు.

కానుకగా తెస్తే కస్టమర్లు తీసుకోకుండా తిప్పి ఇచ్చిన పైనాపిల్ కేకుల పెట్టెను ఫాన్ కారు వెనక సీట్లో, యూచెన్ చోట పెట్టాడు.

"నువ్వు రైల్లో వచ్చెయ్."

"ఒళ్ళో పెట్టుకుంటానన్నా."

"కేకులు నలిగిపోతాయి."

జుంగ్ పెట్టెకు అవతల కూర్చుని తలుపు వేసుకున్నాడు. యూచెన్ ఎండలో స్టేషన్ వైపు నడిచింది. దారిలోనే ఫాన్ నుంచి మెసేజ్ వచ్చింది: "రేపు పొద్దున్నకల్లా పరీక్షలన్నీ సరిచేసి జుంగ్‌కు పంపు. అతని పేరు మీద వెళ్తుంది."