ఉపగ్రహం పట్టించిన పొయ్యి

గడ్డపార మొదటి దెబ్బకే మట్టిపొయ్యి రెండు చెక్కలైంది. రెండో దెబ్బకు అన్నం గుండిగ ఒరిగి, కుతకుతలాడుతున్న గంజి లింబాయత్ సందులోని మురిక్కాలవలోకి పారింది.

షిఫ్టు దిగి ఆకలితో వచ్చిన సాంచాల, అదే మరమగ్గాల, కార్మికులు కొయ్యబారిపోయారు. కరీంనగర్ పల్లెల నుంచి సూరత్ చేరిన వాళ్లకు రెండు పూటలా తిండి ఎల్లవ్వ మెస్సులోనే. ఎల్లవ్వకు ఆ పొయ్యే బతుకు.

"ఏంది సారూ గిది? నా కడుపు మీద గొట్టుడేంది?"

జీపు దిగిన కార్పొరేషన్ అధికారి ఆమెను చూడనైనా లేదు. గోడకు ఫ్లెక్సీ కట్టించాడు. ఉపగ్రహం ఆకాశం నుంచి కొలిచిన గాలి కాలుష్యపు పటాలవి. ఏడాదికొకటి చొప్పున ఇరవై ఏళ్లవి. మొదట పసుపు, రానురాను నారింజ, చివరికి పచ్చినెత్తురు.

"అంతా ఈ కట్టెల పొయ్యిల పొగ," అన్నాడు హిందీలో. "సందులో ఒక్కటి కూడా మిగలకూడదు. నేను చెప్పడం కాదు, సైన్సు చెబుతోంది."

పక్కనే బట్టలకు రంగులద్దే మిల్లు సేఠ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సందు చివర అతని చిమ్నీ నల్లగా కక్కుతూనే ఉంది.

"మరి గా పొగగొట్టం కండ్లవడలేదా నీ ఉపగ్రహానికి?" అరిచాడు లింగం. అదే మిల్లులో బాయిలర్ మండించే మనిషి.

సేఠ్ నవ్వాడు. "పిచ్చోడా! అంత ఎత్తు నుంచి అది జిల్లాలకు జిల్లాలు చూస్తుంది. ఒక్క చిమ్నీ ఎక్కడ కనిపిస్తుంది?"

ఎల్లవ్వ కొంగు నడుముకు బిగించింది. "గంత చిమ్నీయే కనవడకపోతే మూరెడు పొయ్యి ఎట్ల కనవడ్డది సేఠూ? నా పప్పు వాసన గిట్ల తగిలిందా దానికి?"

సందంతా గొల్లున నవ్వింది. సేఠ్ ముఖం మాడిపోయింది.

ఎల్లవ్వ కూతురు సంతోషి కాలేజీలో చదువుతోంది. ఫ్లెక్సీ దగ్గరికి నడిచి, ఎర్రటి పటాల మధ్య రంగు వెలిసినట్టున్న ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఈ ఒక్క ఏడు ఎరుపెందుకు తగ్గింది సార్?"

జవాబు జనంలోంచి వచ్చింది.

"లాక్‌డౌన్ ఏడు గదా అది!"

"మిల్లులు బందు, బండ్లు బందు!"

"పొయ్యి బందైందా?" ఎల్లవ్వ గొంతు అందరినీ మించి లేచింది. "ఊరికి పోలేక ఇరుక్కున్నోళ్లకు పగలంత వండిన. గల్లీ గల్లీకి పొయ్యిలు మండినయి. అయినా గాలి బాగైంది. మరి దొంగెవడు సారూ?"

అధికారి చెయ్యి ఊపాడు. గడ్డపార పక్క పొయ్యి మీదికి లేచింది.

లింగం అడ్డం నిలబడ్డాడు. "గా పొయ్యి ఆరితే బాయిలర్ గూడ ఆరుతది."

"నీ నౌకరీ ఊడుతుంది," పళ్లు కొరికాడు సేఠ్.

"నా ఒక్కనిదేనా? ఎంతమందివి పీకుతవో పీకు!"

బాయిలర్లు ఆర్పడానికి తోటి కార్మికులు అతని వెంట మిల్లులోకి నడిచారు. పొయ్యికి అడ్డంగా అతని చోట ఎల్లవ్వ నిలబడింది. పోలీసులొచ్చి, ప్రభుత్వ పనికి అడ్డొచ్చిందంటూ ఎల్లవ్వను వ్యాన్‌లోకి నెట్టారు. ఆ కబురు సందులు దాటింది. సేఠ్ చిమ్నీ పొగ పలచబడింది, తెగింది, ఆగిపోయింది. కాసేపటికి పక్క మిల్లుది. ఆ తర్వాత దాని అవతలిది.

ఎల్లవ్వ వ్యాను కిటికీ జాలీకి ముఖం ఆనించి కేకేసింది: "సారూ! ఇప్పుడు తియ్యమను ఫోటో!"

వ్యాను గుర్రుమంది. కదల్లేకపోయింది. చక్రాల ముందు, మెతుకు ముట్టని మనుషులు సందు నిండా కూర్చున్నారు.