నొప్పుల నూనె

మలుపు రాకముందే అతను సీటు అంచుకు జరిగి, ఎడమ మోచేతిని పక్కటెముకలకు ఆనించుకుని, స్టీరింగు చక్రాన్ని కావలించుకున్నట్టు పట్టుకున్నాడు. చక్రం కాస్త తేలిగ్గానే తిరిగి, ఒకచోట బిగుసుకుంది. పళ్ళ బిగువున లాగితే ఆ చోటు దాటి మళ్ళీ జారింది. జీపు రాతిగోడకు బెత్తెడు దూరంలో తిరిగి, క్వారీ షెడ్డు నుంచి క్వార్టర్ల వైపు దిగింది. ఇంకా ఎండ ఎక్కలేదు. అతని చొక్కా వీపు మాత్రం అప్పుడే తడిసి ఒంటికి అంటుకుంది.

ఆ జీపుకూ అతని కూతురికీ ఒకటే వయసు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. లారీలు కూరుకుపోయిన బురదలో కూడా మూలుగుతూ ఎక్కి వచ్చేది. ఆఫీసర్లకు కొత్త బండ్లు రాగానే దీన్ని పిల్లలకు ఇచ్చేశారు. కొండ మీది క్వార్టర్ల నుంచి కింద బడికి, మళ్ళీ పైకి. ఆఫీసర్లకు పనికిరానిది పిల్లలకు ఎలా పనికొస్తుందని ఎవరూ అడగలేదు.

వానలు వెలిసినప్పటి నుంచీ స్టీరింగు బిగువుగా ఉందని అతను చెబుతూనే ఉన్నాడు. షెడ్డు ఇన్‌చార్జి ఒకసారి ఎక్కి, నున్నటి సిమెంటు గచ్చు మీద తిన్నగా ముందుకీ వెనక్కీ నడిపి దిగాడు.

"నాకు బాగానే ఉందే. బిగుసుకున్నది స్టీరింగు కాదు పెద్దాయనా, నీ భుజాలు."

షెడ్డంతా నవ్వింది. అక్కడే మెకానిక్కుగా ఉన్న అతని బావమరిదీ నవ్వాడు. సాయంత్రానికల్లా ఆ మాట ఇల్లు చేరింది. నవ్విన వాళ్ళ సంగతి అలా ఉంచితే, అతనే దాన్ని నమ్మాడు. ఎందుకంటే ఎడమ భుజం నిజంగానే నొప్పి పెట్టేది. ఆ నొప్పి మోచేతి మీదుగా చిటికెన వేలి దాకా పాకేది.

ఆ రోజు మొదలు, డ్యూటీ దిగి రాగానే భార్య నొప్పుల నూనె వెచ్చచేసి రాసేది. కూతురు గుడ్డ వేడిచేసి కాపడం పెట్టేది. ఇల్లంతా ఆ ఘాటే. మనవరాలు అతనికి నూనె తాత అని పేరు పెట్టింది. బండిలో కూడా రాసుకొమ్మని భార్య ఒక చిన్న సీసాలో నూనె పోసి, మూత పోతే గుడ్డపీలిక మెలిపెట్టి బిరడా బిగించి ఇచ్చింది. మనిషికి పోసిన నూనెలో పదోవంతు ఆ బండి కీళ్ళకు పోసినా సరిపోయేది. ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు.

నిన్న ఇన్‌చార్జి పిలిచి, వచ్చే వారం నుంచి కుర్ర డ్రైవరు వస్తాడని చెప్పాడు. "నువ్వు గేటు దగ్గర కూర్చో. అక్కడ తిప్పడానికి ఏముంది, తల తప్ప."

క్వార్టర్ల ముందు అతను జీపు ఆపాడు. పిల్లలు ఎగబడలేదు. కూతురు బండికి అడ్డంగా నిలబడి ఉంది, భుజానికి మనవరాలి బడి సంచీ, చంకలో మనవరాలు.

"ఎవరూ ఎక్కరు నాన్నా."

"బడికి ఆలస్యమవుతుంది. తప్పుకో తల్లీ."

"నిన్న నీ పక్కన కూర్చుని చూశాను. చక్రం మీది పగులు పైకొచ్చినప్పుడల్లా బిగుస్తోంది. కిందికి పోయినప్పుడూ అంతే. ఆ పగులు ఎక్కడుందో నీ భుజానికెలా తెలుస్తుంది?"

అతను చక్రం వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ పగులును అరచేతి కిందే పెట్టుకుని నడిపాడు. ఆమె వెనక ఉన్న తల్లులు తమ పిల్లల చేతులు గట్టిగా పట్టుకున్నారు.

జీపు పిల్లలు లేకుండానే షెడ్డుకు తిరిగొచ్చింది. కూతురూ అందులోనే వచ్చింది. ఇన్‌చార్జి మొహం కందగడ్డలా అయింది.

"నా బండి ఆపడానికి నువ్వెవరమ్మా?"

"అందులో కూర్చునే పిల్ల తల్లిని. దాన్ని లోయలో వెతుక్కునే ఓపిక నాకు లేదు. ఇవాళ చూస్తారా, నన్నే చక్రం కింద పడుకోమంటారా?"

ఇన్‌చార్జి మెకానిక్కు వైపు విసురుగా చెయ్యి ఊపాడు. బావమరిది జాకీలు పెట్టి ముందు చక్రాలు రెండూ నేల నుంచి లేపాడు. స్టీరింగు తిప్పితే అంతే బిగువు. "టైర్లది కాదు," అన్నాడు. తర్వాత స్టీరింగు బాక్సు నుంచి చక్రాలకు పోయే రాడ్డు విప్పి ముందు చక్రాన్ని తోస్తే, ఊయల తోసినట్టు ఊగింది. స్టీరింగు మాత్రం అదే చోట పట్టేసింది. "చక్రాల దగ్గరా కాదు. పైనెక్కడో ఉంది." నవ్వు మొహం పోయింది అతనికి. బానెట్ ఎత్తి, స్టీరింగు కడ్డీ వెంట చెయ్యి పోనిచ్చాడు. పొగగొట్టం పక్కన ఆ కడ్డీ వంపు తిరిగే చోట కీలు ఉంది. ఆ వేడికి గ్రీజు మాడి, వాన నీటికి తుప్పు పట్టి, ఇనపముద్దలా తయారైంది.

"బావా, ఇది నీ భుజం కాదు. దీని భుజం."

"మావయ్యా, నువ్వూ నవ్వావు," అంది కూతురు. బావమరిది కీలు మీది తుప్పు గోకాడు. ఆమె ఇన్‌చార్జి వైపు తిరిగింది. "రుద్దీ రుద్దీ మా అమ్మ వేళ్ళు వాచాయి. మా నాన్న తనకు వయసైపోయిందని అన్నం మానేశాడు. మీలో ఒక్కరికీ నడుం వంగలేదు, బానెట్ ఎత్తి చూడటానికి."

"దొరికిందిగా. ఇంకా రాద్ధాంతం ఎందుకు?"

"గేటు సంగతి సార్?" అన్నాడు అతను మెల్లగా.

"నడుపుకో. ఎవరొద్దన్నారు?" అని ఇన్‌చార్జి లోపలికి పోయాడు. క్షమించమన్న మాట అతని పెదవుల దాకా కూడా రాలేదు.

కీలు ఎంతకీ ఊడలేదు. బావమరిది చెయ్యి చాపాడు. "అక్క ఇచ్చిన నూనె ఏదీ? ఇటివ్వు. రాయాల్సిన వాళ్ళకు రాద్దాం." నాలుగు చుక్కలు పోసి సుత్తితో మెల్లగా కొడితే వదిలింది. షెడ్డు వెనక తుక్కులో పడున్న జీపు నుంచి బాగున్న కీలు తెచ్చి బిగించాడు. అతను సీసాకు బిరడా పెట్టి డాష్‌బోర్డు అరలో ఉంచాడు. ఎడమ భుజాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ లాగీ లాగీ వచ్చిన నొప్పి నాన్నా," అంది కూతురు. నెగ్గిన మనిషి మొహం ఆమెది. "ఇక తగ్గిపోతుందిలే."

అవును కదా అనుకున్నాడు. బండిదే తప్పని తేలాక ఇక భుజానికి నొప్పేమిటి?

మధ్యాహ్నం పూట తల్లులు పిల్లలను తామే తెచ్చి ఎక్కించారు. బడి విడిచాక అతను వాళ్ళను కొండ మీదికి తెస్తుంటే మలుపులన్నీ ఒంటిచేత్తో తిరిగాయి. పిల్లలు ఒక్కో మలుపుకూ చప్పట్లు కొట్టారు. క్వార్టర్ల ముందు అందరూ దిగిపోయారు. మనవరాలు వెనక్కి చూసి, "రావా తాతా?" అంది. వస్తానన్నట్టు వేళ్ళు కదిపాడు.

టీ చల్లారుతోందని కూతురు పిలవడానికి వెళ్ళింది. ఇంజను ఆపి ఉంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉంది. అరచెయ్యి పగులు మీద అలాగే ఉంది. ఆమె ఎంత పిలిచినా ఆ తల తిరగలేదు.

అది గుండె నొప్పేనని, నెలల కిందటే తీసుకురావాల్సిందని డాక్టరు చెప్పాడు. బండి జబ్బు నిజమైతే మనిషి జబ్బు అబద్ధమవ్వాలని ఎక్కడుంది? బండి చెడిందంటే మనిషిని చూశారు, అదీ నూనె రాసి సరిపెట్టారు. బండి జబ్బు దొరికాక మనిషిని చూడటమే మానేశారు. కడసారి చూపుకు వచ్చి వెనక నిలబడి, "భుజం బాగాలేదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను," అన్నాడు ఇన్‌చార్జి. కూతురు తల తిప్పి చూసిన చూపుకు రెండడుగులు వెనక్కి వేశాడు.

వారం తిరక్కుండానే కుర్ర డ్రైవరు వచ్చాడు. స్టీరింగు వెన్నలా ఉందని అందరికీ చెప్పుకుంటూ కొండ దిగుతున్నాడు. మలుపు మలుపుకూ డాష్‌బోర్డు అరలో చిన్న సీసా ఒకటి ఆ పక్కకూ ఈ పక్కకూ దొర్లుతోంది, మెలిపెట్టిన గుడ్డపీలిక బిరడాతో, ఇంకా సగం నూనెతో.