జుట్టుడేగ మీద కేసు

లిడోండే మాస్టారు మనుషుల్ని గుర్తుపట్టరు. ఊరి బడిలో తన దగ్గరే భూగోళం చదువుకున్నవాడు ఎదురొచ్చి చెయ్యందిస్తే, "ఎవరబ్బాయివోయ్ నువ్వు?" అంటారు. వాడు పేరు చెప్తాడు, తండ్రి పేరు చెప్తాడు, బడిలో తిన్న దెబ్బల సంగతి కూడా చెప్తాడు. మాస్టారు తలూపుతారు గానీ ఆ ఊపడంలో నమ్మకం ఉండదు. అదే ఆకాశంలో చుక్కంత డేగ కనపడితే మెడ పట్టేసేదాకా చూస్తారు, ఫోటో తీస్తారు, ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకుంటారు. రెక్క చివర నలుపెంత, తోక మీద చారలు సన్నమా లావా, కాళ్లకి ఈకలున్నాయా లేవా, ఇదంతా తేలేసరికి భార్య మినాయో వడ్డించిన ఉగాలి ముద్ద చల్లారి రాయైపోతుంది. దాన్ని మళ్లీ వేడి చెయ్యడం ఆమె మానేసి చాలాకాలమైంది.

డేగల పిచ్చి ఉన్నవాళ్లు దేశమంతా ఉన్నారు. వాళ్లకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. తిక్కతిక్క ఫోటోలన్నీ అందులోకే వస్తాయి. ఎండకి ఎదురుగా తీసినవి, కొమ్మల చాటునుంచి తీసినవి, తోక తప్ప ఇంకేమీ పడనివి. అందరూ ఒకర్నొకరు తిట్టుకుని అలిసిపోయాక, "లిడోండే గారేమంటారు?" అని అడుగుతారు. ఆయన చెప్పిందే ఆఖరు మాట. ఇంతవరకు ఒక్కటీ తప్పు పోలేదు. మాస్టారికి పింఛను మీదకన్నా ఆ సంగతి మీదే ఎక్కువ ధీమా.

ఆయన పెరట్లో జామాయిల్ చెట్టు ఉంది. దాని మీద జుట్టుడేగల జంట గూడు కట్టింది. ఈ డేగ నెత్తిన పొడుగాటి ఈకల పిలక ఉంటుంది. గాలొచ్చినప్పుడు ఆ పిలక మొహం మీద పడుతుంది, పక్కకి ఒరుగుతుంది, నిక్కి నిలబడుతుంది. డేగ మాత్రం ఏమీ జరగనట్టు జడ్జీగారిలా కూర్చుంటుంది. గూట్లో ఒక పిల్ల ఉంది. ఇంకా ఎగరలేదు. పొద్దున లేవగానే మాస్టారు భార్య మొహం కన్నా ముందు దాని మొహం చూస్తారు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, పక్కింటి కెగోడే కోళ్లు మాయమవుతున్నాయి. కోడిపిల్లలు కూడా కాదు, ఎదిగిన పెట్టలు. డేగ ఎత్తుకుపోయిందని అతని భార్య కగేహా చెప్పింది. ఒకసారి చెప్పింది, రెండోసారీ చెప్పింది. మూడో కోడికి కెగోడే కంచె దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఏం మాస్టారూ, దొంగని మీ చెట్టు మీద కాపురం పెట్టించి, దానికి ఫోటోలు తీస్తూ కూర్చుంటారా?"

"అది ఎలకలు తింటుందయ్యా."

"నా కోడిని తిన్నాక నోరు పుక్కిలించుకోడానికా ఎలకలు?"

"ఎదిగిన పెట్టని అది మొయ్యలేదు. దాని బరువెంత, నీ పెట్ట బరువెంత?"

"మోసిందిగా మరి!" అన్నాడు కెగోడే.

కెగోడే నేరుగా ఆ ప్రాంతపు సర్కారు అధికారి చీఫ్ ఒంజెరే దగ్గరికెళ్లి ఫిర్యాదు చేశాడు. జామాయిల్ చెట్టు కొట్టించాలన్నాడు. ఊరు మొత్తం అతని వెనక నిలబడింది. నిలబడదూ మరి! మారగోలి కొండల్లో ఏ ఇంట్లో కోడి మాయమైనా డేగ ఎత్తుకుపోయిందనే చెప్తారు. బీరుకి పోయిన కోడినీ, బావమరిదికి పోయిన కోడినీ, పాస్టరుగారికి చెప్పకుండా చుట్టాలతో కోసుకుతిన్న కోడినీ కూడా డేగే ఎత్తుకుపోయింది. ఆ డేగకి శిక్షపడితే చాలామందికి మనసు కుదుటపడుతుంది.

చీఫ్ ఒంజెరే తెలివైనవాడినని అనుకునే మనిషి. "పశువుల దొంగని పట్టుకున్నప్పుడు పోలీసులేం చేస్తారు? అనుమానం ఉన్నవాళ్లని వరసగా నిలబెడతారు. సాక్షి వచ్చి వేలు చూపిస్తాడు. డేగలు నిలబడమంటే నిలబడవు కాబట్టి వాటి ఫోటోలు నిలబెడదాం. మాస్టారూ, ఊరి మీద తిరిగే డేగలన్నిటికీ ఫోటోలు తీసుకురండి. ఫలానాదే దొంగ అని తేలితే, అది ఉన్న చెట్టు కొట్టిస్తాను. గురువారం బరాజాలో ఊరంతా కూర్చుని తేలుద్దాం."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఫోటో చూసి గుర్తుపట్టడమంటే ఆయన ఇంట్లో పనే కదా. కెమెరా పట్టుకుని కెగోడే కంచె పక్కన పొదలో దూరారు. పొద్దున ఉంటారు, మధ్యాహ్నం ఉంటారు. చీమలు కుట్టినా కదల్లేదు. మజెంగో పట్నం వెళ్లి స్టూడియోలో ఫోటోలు పెద్దవి చేయించి తెచ్చి, బల్ల మీద పరిచి మినాయోని పిలిచారు.

"ఇదిగో, ఇది చూడు. కేసు ఇక్కడితో ఖతం. కెగోడే గుంజ మీదే కూర్చుంది. కాలి కింద ఏముంది? ఎలక. పక్కనే కోళ్లు మేస్తున్నాయి, వాటి వంక తిరిగైనా చూడలేదు. పిలక చూడు, ఎంత స్పష్టంగా వచ్చిందో."

మినాయో టీ గ్లాసు పక్కన పెట్టి వంగి చూసింది. "ఈవిడ కగేహా కదూ?"

"ఎవరు? ఎక్కడ?"

"గుంజ వెనకాల, సందులో. మజెంగో రోడ్డు వైపు పోతోంది. ఆ పైబట్ట కింద ఏమిటది?"

"నీడ."

"నీడకి పచ్చటి కాళ్లుంటాయా? మీరే చెప్పండి, కాళ్లు చూసి పక్షిని చెప్తారుగా."

మాస్టారు భూతద్దం తెచ్చారు. పైబట్ట అంచు కింద రెండు కాళ్లు, తలకిందులుగా. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. "పెట్ట," అన్నారు, అలవాటు కొద్దీ. "రెండేళ్లది. వయసు మీరింది." ఆ తర్వాతే ఆయనకి సంగతి బుర్రకెక్కింది. "ఈవిడ కోడిని ఈవిడే దొంగతనం చేస్తోందా?"

మినాయో కుర్చీ లాక్కుని కూర్చుంది. కెగోడే కూతురు ఇమాలి మటాటు వ్యాను కండక్టర్‌ని చేసుకుంటానని ఇంట్లోంచి వెళ్లిపోయిందని ఊరందరికీ తెలుసు. ఆ రోజు కెగోడే చర్చి ముందు నిలబడి, నా ఇంటి గింజ దాని నోట పడితే నేను కెగోడేనే కాదు అని ఒట్టేశాడని కూడా తెలుసు. ఇమాలి మజెంగోలో అద్దె గదిలో ఉంటోందనీ, మొన్ననే ప్రసవించిందనీ మాత్రం ఆడవాళ్లకే తెలుసు. మొగుడు పగలంతా బండి మీద ఉంటాడు. పథ్యం వండిపెట్టే దిక్కు లేదు. కగేహా కోడిని పట్టుకెళ్లి, అక్కడే కోసి పులుసు పెట్టి, కూతురికి తాగించి, సాయంత్రానికి ఇంటికొచ్చి డేగని తిట్టుకుంటోంది.

"ఈ ఒక్క ఫోటో చూపిస్తే చెట్టు నిలబడుతుంది," అన్నారు మాస్టారు.

"నిలబడుతుంది. ఆవిడే రోడ్డున పడుతుంది. కెగోడే కోపం మీకు తెలీదా?"

"ఇది వద్దులే. ఆవిడ పడని ఫోటోలు వేరే ఉన్నాయి. డేగ కాదని రుజువు చేస్తే చాలు."

"డేగ కాదంటే మరెవరని అడగడూ? ఇంట్లో ఉండేది ఇద్దరే. తను తీయలేదని తనకి తెలుసు. ఇక మిగిలిందెవరండీ?"

డేగ మీద నేరం పోయిందంటే అది వెళ్లి ఎవరి మీద పడుతుందో మాస్టారు ఇంతవరకు ఆలోచించలేదు. గూట్లో పిల్ల ఆకలికి అరుస్తోంది. మాస్టారికి ఆ అరుపు విని ఏడుపొచ్చినంత పనైంది. చెట్టు కొడితే ఆ పిల్ల బతకదు.

గురువారం చీఫ్ ఆఫీసు ముందు రేకుల షెడ్డులో బరాజా మొదలైంది. మగవాళ్లు బెంచీల మీద, ఆడవాళ్లు కింద గడ్డిలో. తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫోటోలు వేలాడదీశారు. జుట్టుడేగ కూర్చున్నది ఒకటి, ఎగురుతున్నది ఒకటి, చర్చి వెనక పైన్ చెట్టు మీదుండే నల్లడేగ, పాముల్ని తినే డేగ, చలికాలం ఇక్కడ గడిపి వెళ్లే గోధుమరంగు వలసడేగ. కగేహా పడిన ఫోటో మినాయో పొయ్యిలో ఎప్పుడో బూడిదైంది.

సాక్షులు వచ్చారు. మొదటి సాక్షి పాములడేగని చూపించి, "చూపులోనే దొంగతనం కనపడుతోంది," అన్నాడు. చర్చి పాటలు పాడే ముసలమ్మ కూర్చున్న జుట్టుడేగని చూపించి, "పాపం, ఇది మంచిది, మొహంలో దైవభక్తి ఉంది," అని, ఎగురుతున్న జుట్టుడేగ దగ్గరికొచ్చి, "ఇదిగో ముండ, ఇదే!" అంది. రెండూ ఒకటేనని మాస్టారు చెప్తే, "మరైతే ఇది బుద్ధి మారినప్పుడు తీసింది," అంది. మూడో సాక్షి అన్నిటినీ చూపించాడు. అతని బావమరిది కోళ్లు తినడంలో గట్టివాడు.

చీఫ్ చెమట తుడుచుకున్నాడు. "చాలు. ఊళ్లో డేగల సంగతి తెలిసినవారు ఒక్కరే. మాస్టారూ, మీరు ఫోటో చూసి చెప్పిందాంట్లో ఎప్పుడూ తప్పు పోలేదంటారు. పెట్టని ఎత్తుకుపోయింది ఇందులో ఏది?"

మాస్టారు లేచి తాడు దగ్గరికెళ్లారు. ఆయన పక్కనే మినాయో క్లిప్పులు సరిచేస్తున్నట్టు నిలబడింది. నల్లడేగ అంటే చర్చి వెనక చెట్టు పోతుంది. పాములడేగ అంటే వాగొడ్డు చెట్టు పోతుంది. ఆడవాళ్ల వరసలో కగేహా తల ఎత్తకుండా గడ్డి పీకుతోంది. ఆయన ముందు ఇక వలసడేగ మిగిలింది. మిడతలూ ఉసుళ్లూ తిని బతికే అమాయకపు పక్షి. ఏ పుస్తకంలోనూ దాని మీద మచ్చ లేదు. రేపటికి ఈ మాట గ్రూపు దాకా పోతుంది, లిడోండే గారికి మతి పోయిందని దేశమంతా అనుకుంటుంది.

"ఇదే," అన్నారు, వలసడేగ మీద వేలు పెట్టి.

"అది ఎదిగిన పెట్టని మోస్తుందా?" అన్నాడు కెగోడే.

"మోస్తుంది."

"దాని చెట్టెక్కడ? పదండి, గొడ్డలి తెచ్చాను."

"రష్యాలో."

చీఫ్ గొడ్డలి వంక చూసి, "అది నా పరిధిలోకి రాదు," అన్నాడు.

జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. దొంగ దొరికింది, పైగా ఎవరి చెట్టూ పోలేదు. కొందరు లేచి బట్టలు దులుపుకుంటున్నారు. కెగోడే మాత్రం కదల్లేదు.

"ఎప్పుడెళ్తుంది మాస్టారూ, అది రష్యాకి?"

"ఈ నెలాఖరుకి. పెద్దవానలు పట్టేలోపు."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"అక్టోబర్లో."

"అంటే అప్పటిదాకా నా ఇంట్లో ఒక్క కోడి కూడా పోకూడదు. ఒక్కటి పోయినా, అది డేగ కాదన్నమాట." కెగోడే అందరి వైపూ చూశాడు. "అందరూ విన్నారుగా?"

విన్నారు. చెట్టుని కాపాడుకునే కంగారులో ఆ తల్లి కూతురికి కోడి పట్టుకెళ్లే దారిని మాస్టారే మూసేశారు.

అప్పుడు గడ్డిలోంచి కగేహా లేచి నిలబడింది. బరాజాలో ఆమె నోరు విప్పడం ఎవరూ చూడలేదు.

"మాస్టారూ, అన్నీ వెళ్లిపోతాయా?" అంది. "ఒంట్లో ఓపిక లేనిది, అంత దూరం ఎగరలేనిది, ఒక్కటైనా ఇక్కడ ఉండిపోదా?"

"ఉండిపోతుందమ్మా," అన్నారు మాస్టారు. "ఒకటీ అరా ఉండిపోతాయి." ఈ మాట మాత్రం అబద్ధం కాదు.

కెగోడే తల తిప్పి భార్యని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. దవడ బిగిసింది అతనికి. ఒట్టు వేసిన రోజున కూడా అలాగే బిగిసిందని అక్కడున్నవాళ్లకి గుర్తే. తిడతాడని చీఫ్ ముందుగానే చెయ్యెత్తాడు. కెగోడే తిట్టలేదు. నడిచి తాడు దగ్గరికొచ్చి, వలసడేగ ఫోటో ముందు నిలబడి, దాన్నే చూస్తూ అడిగాడు.

"అలా ఉండిపోయినదానికి... పిల్ల గానీ ఉందా?"

వలసడేగలు ఈ ఖండంలో పిల్లల్ని పెట్టవు. అది తెలియని మనిషి గ్రూపులోనే లేడు. చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. మినాయో మడమ ఆయన కాలి మీద పడింది. నోరు మూసుకున్నారు.

"ఉంది," అంది వెనకనుంచి కగేహా.

"ఏ పిల్ల?"

"ఆడపిల్ల."

కెగోడే టోపీ తీశాడు. దాంతో మొహం తుడుచుకున్నాడు, కళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు. తర్వాత భార్య వైపు తిరిగి కసిరాడు.

"బుద్ధుందా నీకు? ముసలి కోళ్లన్నీ దానికి వదిలేస్తావా? పిల్లతల్లికి వాటిలో బలమేముంటుంది? రేపు ఆ మచ్చల పెట్టని వదులు."