గండి అవతల నిత్యానందం

తెల్లారి గట్టు మీద కాపలా దిగగానే అబ్బాయిరాజు గారు విక్టోరియా ఇంటి ముందు ఆగి టీ తాగుతాడు. టీ అంటే పేరుకే. పాలూ లేవు, పంచదారా లేదు, తులసాకు వేసి మరిగించిన నీళ్ళలో ఇంత బెల్లంముక్క. అయినా ఆయన గ్లాసు దించి "బ్రహ్మాండంగా ఉందమ్మా" అంటాడు. కొంగలంకలో ఎవరికేం పెట్టినా అంతే, మాడిన అన్నం పెట్టినా బ్రహ్మాండంగానే ఉంటుంది. మొహమాటం అలాంటిది.

ఆ మొహమాటమే లంకని బతికించిందంటే నమ్మాలి మరి. చచ్చినవాళ్ళు లేచి తిరగడం మొదలైన ఏడాది ఏలూరు వారం రోజుల్లో ఖాళీ అయిపోయింది. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు బస్తాల్లోనే మొలకెత్తాయి. లేచినవాళ్ళు కొల్లేటి గట్ల మీదుగా ఇటూ వచ్చారు. చీకట్లో వస్తున్నది చుట్టమో, కరిచేవాడో తెలియక కాపలావాళ్ళు అలవాటు కొద్దీ అడిగారు: "ఏవండీ, భోంచేశారా?" బతికున్నవాళ్ళు "అయిందండీ, మీరు?" అని లోపలికొచ్చారు. లేచినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. జవాబేమిటో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నోరు తెరుచుకుని సాయంత్రం దాకా నిలబడేవారు, ఆ పనిలో పడి కరవడం మరిచిపోయేవారు. రోజూ అడిగితే రోజూ ఆగేవారు. అండీ తగ్గితే మాత్రం ఊరుకునేవారు కాదు. మొదటిరోజు కంగారులో "ఎవడ్రా అది?" అన్న పాపానికి అబ్బాయిరాజు గారి రెండు వేళ్ళు పోయాయి. కత్తి చేతిలో ఉండబట్టి మిగతా మనిషి దక్కాడు. అప్పట్నుంచీ ఆయన మేకపిల్లని కూడా మీరు అంటాడు.

విక్టోరియా మొగుడు నిత్యానందం ఆ ఏడే ఆకివీడుకి చేపల లోడు తీసుకెళ్ళాడు. లారీ మీద వెళ్ళినవాడు నడిచి తిరిగొచ్చాడు, వాళ్ళలో ఒకడై. గట్టుకి గండి పడినచోట, నీళ్ళకి అవతలి ఒడ్డున, తన ఇంటివైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఊరివాళ్ళే ఇంకా కొందరు అలాగే వచ్చి, ఎవరిల్లు వాళ్ళకి కనబడేలా ఆ గడ్డిలో నిలబడిపోయారు. విక్టోరియా రోజూ దోనె వేసుకుని అవతలికి వెళ్తుంది. "ఏవండీ, భోంచేశారా?" అని అడిగి, ముద్ద కలిపి నోట్లో పెడుతుంది. నములుతాడు, మింగుతాడు. అంతే. ఏం పెట్టినా ఒకటే మొహం.

అదే ఆమెకి ప్రాణం తోడేసేది. ఎందుకంటే ఊరంతటికీ మొహమాటమైతే నిత్యానందానికి అది బొత్తిగా లేదు. పెళ్ళైన మర్నాడే చారు నీళ్ళలా ఉందన్నాడు. ఆ తర్వాత కంచం ముందు కూర్చున్న ఏ పూటా వంక పెట్టకుండా లేవలేదు. "బాగుందని ఒక్కసారంటే నోరరిగిపోతుందా?" అని ఆమె గిన్నెలు ఎత్తేసేది. ఇప్పుడు ఎంత బాగా వండినా వంక పెట్టేవాడే లేడు.

ఈలోగా లోకం మెల్లిగా కూడదీసుకుంది. ఉండి ఊరి చేలల్లో మళ్ళీ నాట్లు పడ్డాయి. పెదవేగి పామాయిలుతో ఊరూరా దీపాలు వెలిగాయి, ట్రాక్టర్లూ తిరిగాయి. ఆకివీడు దాకా రైలు వచ్చింది. ఇక మిగిలింది కొంగలంకకి రోడ్డు. గండి పూడిస్తే చాలు. కానీ పూడ్చాల్సిన చోటే వాళ్ళు నిలబడ్డారు. తోస్తే కదలరు, లాగితే కరుస్తారు. ఊరి కమిటీకి పెద్ద హనుమంతరావు మాస్టారు, నెమ్మదైన మనిషి. మీటింగులో తల దించుకునే చెప్పారు: "శుక్రవారం పొక్లెయిన్ వస్తుందండీ. అక్కడే గొయ్యి తీసి, ఎవరి మతం ప్రకారం వాళ్ళకి ప్రార్థన చేయించి, సాగనంపుదాం."

"సాగనంపడమేంటండీ? మా ఆయన తింటున్నాడు కదండీ!" అంది విక్టోరియా.

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా? పోయిన వానల్లో రోడ్డు లేకే కదా పురిటికొచ్చిన పిల్లని పోగొట్టుకున్నాం? మా ఆవిడ సుబ్బలక్ష్మీ ఆ గట్టు మీదే ఉంది. మాట్లాడేవాడు మనిషమ్మా. ఒక్కమాట మాట్లాడించు, ఆ పొక్లెయిన్ని నేనే వెనక్కి పంపిస్తాను."

విక్టోరియా ఆ వారమంతా మాట్లాడించడానికి చెయ్యని ప్రయత్నం లేదు. పెళ్ళిఫోటో చూపించింది. కీర్తనలు పాడింది. తిట్టింది కూడా, అండీ చేర్చి. "మాట్లాడి చావరేంటండీ" అని ఏడ్చింది. నిత్యానందం ఇంటివైపు చూస్తూనే ఉన్నాడు.

శుక్రవారం వచ్చింది. అవి ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు. ఆ నలభై రోజుల్లో వచ్చే శుక్రవారాలు ఆమెకి ఉపవాసం, పొద్దు వాలేదాకా నాలుక మీద ఏమీ వెయ్యదు. వండినా రుచి చూడదు. ఆఖరి భోజనం కదా అని కొర్రమీను సంపాదించి, మామిడికాయ వేసి పులుసు పెట్టింది. అవతలి ఒడ్డున పొక్లెయిన్ చప్పుడు వినబడేసరికి కిందా మీదా పడి గిన్నె దించి, టిఫినుబాక్సులో సర్దుకుని దోనె ఎక్కింది.

అప్పటికే ఊరు ఊరంతా ఆ ఒడ్డున ఉంది. పాస్టరు గారు ఒకపక్క, పంతులు గారు ఒకపక్క. గొయ్యి తవ్వుతున్నారు. హనుమంతరావు గారు అటు చూడలేక నీళ్ళకేసి చూస్తున్నారు. ఆమెని చూసి డ్రైవరుకి చెయ్యి ఊపితే, ఇంజను ఆపకుండానే తొట్టిని పైకెత్తి నిలిపాడు.

"పెట్టమ్మా, తొందరేం లేదు" అన్నారు మాస్టారు.

"ఏవండీ, భోంచేశారా?" అని, ముద్ద కలిపి నోటికందించింది విక్టోరియా. నిత్యానందం నమిలాడు. నములుతూ ఆగాడు. మళ్ళీ నమిలాడు. నుదురు ముడతలు పడింది. ఆ ముడత ఆమెకి తెలుసు. ఎన్నేళ్ళు చూసి చూసి విసిగిపోయిందో ఆ ముడతని!

"ఉప్పేదే?" అన్నాడు నిత్యానందం.

గొంతు తుప్పుపట్టిన గేటులా ఉంది. కానీ మాట మాటే. విక్టోరియా బాక్సు మూతతో అతని భుజం మీద ఠపీమని కొట్టింది. "ఇన్నేళ్ళకి నోరు విప్పి అడగాల్సింది ఇదా? నేనెలా ఉన్నానని అడగరా? ఇల్లెలా గడిచిందని అడగరా?" అంటూ అతని చొక్కా పట్టుకుని భోరుమంది.

"ఉప్పు లేకుండా ఎవరైనా పులుసు పెడతారా?" అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోతూ.

హనుమంతరావు గారు దగ్గరికొచ్చారు. ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఏవండీ నిత్యానందం గారూ... భోంచేశారా?"

"ఎక్కడండీ మాస్టారూ, మీరే చూడండి, ఇది తినేలా ఉందా?"

మాస్టారు వేలితో పులుసు తీసి నాలుక మీద పెట్టుకున్నారు. అలవాటుగా "బ్రహ్మా..." అనబోయి ఆగిపోయారు. "లేదమ్మా విక్టోరియా. చప్పగా ఉంది" అన్నారు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. జనంలో ఎవరో ఆడమనిషి "మా ఆయనకి మెత్తటన్నమంటే అసహ్యమండీ" అని పైట బిగించి దోనెకేసి పరిగెత్తింది. ఆమె వెనక ఇంకొకరు. అబ్బాయిరాజు గారు "మా తమ్ముడుగారికి నా పాటంటే ఒళ్ళు మంటమ్మా, ఆయ్!" అంటూ తమ్ముడి ఎదురుగా వెళ్ళి నిలబడి రాగం ఎత్తుకున్నాడు. హనుమంతరావు గారు మాత్రం భార్య ముందుకెళ్ళి "సుబ్బలక్ష్మి ఎప్పుడూ దేనికీ వంక పెట్టలేదు" అన్నారు బిక్కమొహంతో.

"బాగా ఆలోచించుకోండి మాస్టారూ. ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మీకే వినబడి ఉండదు" అంది విక్టోరియా.

ఆయన గడ్డిలో చతికిలబడి ఆలోచించడం మొదలుపెట్టారు. గొయ్యి ఏం చెయ్యమంటారని డ్రైవరు అడిగాడు. అప్పటికే అందరూ ఎవరి మనిషి వంకలు వాళ్ళు గుర్తుచేసుకునే పనిలో ఉన్నారు.

దోనెలో విక్టోరియా తెడ్డు అందుకోబోతే నిత్యానందం చెయ్యి అడ్డుపెట్టాడు. "ఇటియ్యి, నువ్వేస్తే పక్కకి పోతుంది" అన్నాడు. అతని చేతులకి ఇంకా పట్టు రాలేదు, దోనె పక్కకే పోతోంది. విక్టోరియా ఆ సంగతి చెప్పలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, మొగుడు తీసుకెళ్ళే వంకరదారిలో హాయిగా కూర్చుంది.