తేనెటీగలకు చెప్పిన పేరు

క్లిఫర్డ్‌కు నోటి దురద ఎక్కువ. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, నోరు మూసుకొమ్మని మాత్రం అనలేదు. అసలు చెప్పాల్సింది అదే.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదటి ప్రయాణం. పాత ఊళ్ళు తిప్పి చూపించే బస్సులో భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే ఎక్కారు. బెరిల్‌కు ఊళ్ళు చూసే సరదా ఏమీ లేదు. సాయంత్రానికి మొగుణ్ణి ప్రాణాలతో ఇంటికి చేర్చుకుంటే చాలు. మొదటి ఊళ్ళో రాతి వంతెన మీద నిలబడ్డా, రెండో ఊళ్ళో టీతో స్కోన్ రొట్టెలు తింటున్నా, ఆమె కళ్ళు అతని పెదాల రంగు మీదే ఉన్నాయి.

మూడో ఊరు ఆష్‌కూంబ్‌లో ఆకు కదలడం లేదు. చర్చి పక్క పెరట్లో మిసెస్ పెన్‌ఫోల్డ్ అనే ముసలావిడ తేనెపెట్టెలకు నల్లగుడ్డ కడుతోంది. తెల్లవారుజామున భర్త పోయాడట. అక్కడి ఆచారం ప్రకారం, ఇంట్లో చావు జరిగితే పెట్టెలకు నల్లగుడ్డ కట్టి, తాళంచెవితో ఒక్కోదాన్ని మూడుసార్లు తట్టి, పోయినవారి పేరు తేనెటీగలకు చెప్పాలి. లేకపోతే అవి అలిగి వెళ్ళిపోతాయి. ఆ చుట్టుపక్కలే పుట్టిన బెరిల్‌కు ఇదంతా తెలుసు. గోడ ఇవతలే తల వంచుకుని నిలబడింది.

చివరి పెట్టెకు గుడ్డ చాలక ముసలావిడ లోపలికి వెళ్ళింది. ఆ కాస్త సందు చాలు క్లిఫర్డ్‌కు. పెరట్లోకి దూరి, తన ఇంటి తాళంచెవి తీసి, ఆ పెట్టెను టకటకటక కొట్టాడు.

"అమ్మలూ, క్లిఫర్డ్ పోయాడు. మీకు చెప్పమన్నాడు."

పెట్టెలో రొద ఠక్కున ఆగిపోయింది. బెరిల్ చప్పున తలెత్తింది. క్లిఫర్డ్ మాత్రం తన హాస్యానికి తనే మురిసిపోతూ బస్సు వైపు నడిచాడు.

ముసలావిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"తథాస్తు దేవతలు పైనెక్కడో ఉంటారనుకుంటారు తల్లీ. మా ఊళ్ళో ఈ పెట్టెల్లో ఉంటారు. విన్న చావును వీళ్ళు వదిలిపెట్టరు."

చెప్పిన మాట వెనక్కి తీసుకునే దారి లేదా అని బెరిల్ అడిగింది. లేదంది ఆవిడ. పేరు మార్చి చెప్పుకోవచ్చు, అంతేనంది.

బెరిల్ వెనక్కి చూసింది. క్లిఫర్డ్ చర్చి గోడ పట్టుకుని ఆగిపోయాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. పెరట్లోకి వెళ్ళి, సంచిలోంచి తన తాళంచెవి తీసి అదే పెట్టెను మూడుసార్లు తట్టింది.

"క్లిఫర్డ్ కాదు. బెరిల్."

పెట్టెలో రొద మళ్ళీ మొదలైంది. ముసలావిడ ఆమె మొహం చూడకుండా నల్లగుడ్డ బిగించి కట్టింది.

తిరుగు బస్సులో క్లిఫర్డ్ పెదాలు ఎర్రగా ఉన్నాయి. కేకు ముక్క తింటూ ముందు సీటు వాళ్ళను నవ్విస్తున్నాడు.

"నీ మందులు వంటింట్లో ఎడమ సొరుగులో ఉంటాయి," అంది బెరిల్. "నీలం మాత్ర పొద్దున, తెల్లది పడుకునే ముందు. గుర్తుంచుకో."

"ఇప్పుడెందుకు ఇవన్నీ? ఎక్కడికైనా పోతున్నావా ఏంటి?" అని నవ్వాడు.

బెరిల్ తన తాళంచెవి అతని చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.